కౌలు తీరిన పొలాన్ని ఎవరు వెనక్కి తీసుకుంటారు?
ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం గురించి ఉన్నత విద్యామండలికి ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి అధ్యక్షులవారికి,



మీ కార్యాలయం మంగళగిరిలో ఉంది. అక్కడి నుంచి జాతీయ రహదారి పట్టుకుని దక్షిణంగా వస్తే గుంటూరు, చిలకలూరిపేట, ఒంగోలు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ దారి పొడవునా మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, ఎత్తుకున్న ట్రాక్టర్లు, కోల్డ్ స్టోరేజీల ముందు బారులు కనిపిస్తాయి. అదే దారిలో పొద్దున్నే ఇంజినీరింగ్ కాలేజీల బస్సులు తిరుగుతాయి. ఆ టిక్కీలు అమ్మిన డబ్బే ఈ బస్సుల్లో కూర్చున్న చాలామంది పిల్లలకు ఫీజు. ఈ రెండూ ఒకచోట కలిసినప్పుడు జరిగిన సంగతి ఒకటి మీకు చెప్పి, దాని మీద ఒక విన్నపం చేసుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను పర్చూరు దగ్గర పుట్టి పెరిగాను. మా నాన్న కొన్నేళ్లు పత్తి వేశారు, కొన్నేళ్లు మిరప. సొంతానికి మూడెకరాలు, కౌలుకు ఇంకో ఆరు. నేను ఇరవై రెండేళ్లుగా సిస్టమ్స్ ప్రోగ్రామింగ్ చేస్తున్నాను. ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మామూలు ప్రోగ్రాములకూ మధ్యన ఉండే లైబ్రరీలతోనే నా పని. ఇంటి నుంచే ఉద్యోగం చేసుకుంటూ, శని ఆదివారాల్లో చుట్టుపక్కల ఊళ్ల ఇంజినీరింగ్ పిల్లలను కూర్చోబెట్టుకుని నాకు తెలిసింది చెబుతుంటాను.

మొదటి రోజు వాళ్లను ఒక ప్రశ్న అడుగుతాను. ఒక ప్రోగ్రాములోని థ్రెడ్లు ఏమేం పంచుకుంటాయి, ఏమేం పంచుకోవు? ఇంటర్వ్యూలకు చదివిన పిల్లలు కదా, జవాబు తడుముకోకుండా వస్తుంది. కోడ్, డేటా, హీప్ ఉమ్మడి. స్టాక్, రిజిస్టర్లు ఎవరివి వాళ్లవి. సరైన జవాబే. అప్పుడు ఇంకో మూడు ప్రశ్నలు వేస్తాను. ఆ సొంత స్టాక్ ఎక్కడి నుంచి వచ్చింది? ఎంత ఉంది? థ్రెడ్ పని ముగిశాక దాన్ని ఎవరు వెనక్కి తీసుకుంటారు? ఈ మూడింటికీ ఇప్పటిదాకా నా ముందు కూర్చున్న పిల్లల్లో ఒక్కరూ పూర్తిగా జవాబు చెప్పలేదు. తెలివి తక్కువై కాదు. వాళ్లను ఎవరూ అడగలేదు, అంతే.

ఆ ప్రశ్నలు అడగకపోతే ఏమవుతుందో కళ్లారా చూశాను.

రెండేళ్ల కిందట మార్చి నెల. చిలకలూరిపేట వైపు ఒక కోల్డ్ స్టోరేజీలో టిక్కీల తూకం లెక్క రాసుకునే ప్రోగ్రాము మాటిమాటికీ ఆగిపోతోందని కబురొచ్చింది. రాసింది మా పక్క ఊరి కుర్రాడే, బీటెక్ అయిన కొత్తలో. ప్రతి టిక్కీని కాటా మీద పెట్టగానే తూకం అంకె నెట్‌వర్క్ మీదుగా ఆఫీసు గదిలోని పాత కంప్యూటర్‌కు వస్తుంది, అది రైతు పేరు మీద నమోదవుతుంది. కంప్యూటర్ పాతది, 32 బిట్ లైనక్స్. ప్రోగ్రాము సీ భాషలో ఉంది. ఒక్కో తూకానికి ఒక్కో థ్రెడ్ పుడుతుంది, అంకె ఫైల్లో రాస్తుంది, పోతుంది. చదివినప్పుడు పుస్తకంలో పద్ధతిలాగే ఉంది.

నేను వెళ్లేసరికి ఎండ మాడ్చేస్తోంది. కాటా పక్కన హమాలీలు టిక్కీల మీద కూర్చుని ఉన్నారు. వాళ్లది టిక్కీ లెక్కన కూలి. కాటా ఆగితే కూలీ ఆగుతుంది. ఒక పెద్దాయన కంప్యూటర్ గది గడపలో నిలబడి, “బాబూ, పొద్దుటి నుంచి ఇది మూడోసారి. మావి ఇంకా నలభై టిక్కీలున్నాయి” అన్నాడు. కుర్రాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. “అన్నా, ర్యామ్ చూశాను. సగానికి పైగా ఖాళీగానే ఉంది. అయినా కొత్త థ్రెడ్ పుట్టనంటోంది. ‘వనరు తాత్కాలికంగా అందుబాటులో లేదు’ అని వస్తోంది. ఎంతసేపు ఆగినా రావట్లేదు” అన్నాడు.

గుమాస్తా దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. మిషన్ ఆగిన ప్రతిసారీ టైము, అప్పటికి ఎన్ని తూకాలయ్యాయో రాసి పెట్టుకున్నాడు. నాకు జవాబు అందులోనే దొరికింది. 379. 380. 379. ఆగిన టైములు వేరు, కానీ అంకె మాత్రం దాదాపు అదే. ఏ ప్రోగ్రామైనా లెక్క పెట్టుకున్నట్టు ఒకే అంకె దగ్గర కూలబడుతోందంటే, ఎక్కడో ఒక కొలత నిండుతోందని అర్థం.

ఆ కొలత ఏమిటో చెబుతాను. 32 బిట్ లైనక్స్‌లో ఒక ప్రోగ్రాముకు వాడుకోవడానికి ఉండే అడ్రస్ పరిధి 3 జీబీ, అంటే 3072 ఎంబీ. లైనక్స్‌లో సాధారణంగా ఉండే గ్లిబ్‌సీ లైబ్రరీ ఒక్కో థ్రెడ్ స్టాక్‌కు మామూలుగా 8 ఎంబీ కేటాయిస్తుంది. 3072ని 8తో భాగించండి, 384. ప్రోగ్రాము కోడ్‌కు, లైబ్రరీలకు, మొదటి థ్రెడ్‌కు కొంత పోతే మిగిలేది 380 దరిదాపు. నోటు పుస్తకంలో ఉన్నది అదే.

కానీ ఒక తూకం థ్రెడ్ పని పూర్తిచేసుకుని పోయాకే ఇంకోటి పుడుతోంది కదా, 380 ఒకేసారి ఎందుకున్నాయి అని కుర్రాడి అనుమానం. ప్రోగ్రాము నడుస్తుండగానే దాని మెమరీ పటం తెరిచి చూపించాను. లైనక్స్‌లో ప్రతి ప్రోగ్రాముకూ ప్రోక్ డైరెక్టరీ కింద మ్యాప్స్ అని ఒక ఫైలుంటుంది. పక్కనే ఇంకో ఫైల్లో బతికున్న థ్రెడ్ల సంఖ్య దగ్గర ఒకటి అని ఉంది. పటంలో మాత్రం 8 ఎంబీ ముక్కలు, వాటి మధ్య 4 కేబీ సన్నని గీతలు, తెర మీద పేజీలకు పేజీలు దిగుతూనే ఉన్నాయి. థ్రెడ్లు పోయాయి, వాటి స్టాకులు పోలేదు. ఎందుకంటే పోయిన థ్రెడ్లను ఎవరూ పలకరించలేదు. పీథ్రెడ్ క్రియేట్ అని పుట్టించాడు. పీథ్రెడ్ జాయిన్ అని పిలిచి లెక్క మూయలేదు, పీథ్రెడ్ డిటాచ్ అని ముందే వదిలేయనూ లేదు.

ఆ రోజు కాటా దగ్గర అతనికి దీన్ని కౌలు భాషలో చెప్పాను. మన ప్రాంతంలో కౌలు తెలియని ఇల్లు లేదు కాబట్టి మీకూ అలాగే చెబుతాను.

థ్రెడ్ ఒక కౌలుదారు. స్టాక్ అతను సాగు చేసుకునే పొలం. పొలం ఇచ్చే ఆసామి థ్రెడింగ్ లైబ్రరీ. థ్రెడ్ పుట్టించమని అడగ్గానే లైబ్రరీ కెర్నల్ దగ్గరికి వెళ్లి, 8 ఎంబీ అడ్రస్ పరిధి రాయించుకుంటుంది. రాయించుకోవడమే తప్ప, అప్పటికి ర్యామ్ ఏమీ ఖర్చు కాదు. కాగితం మీద పదెకరాలు, నాగలి పెట్టింది పది సెంట్లు అన్నట్టు, థ్రెడ్ ఏ పేజీని మొదటిసారి తాకుతుందో ఆ 4 కేబీ పేజీకే కెర్నల్ అసలు మెమరీ ఇస్తుంది. కుర్రాడు చూసిన ర్యామ్ ఖాళీ నిజమే. నిండిపోయింది కాగితం మీది భూమి.

పొలానికి ఒక చివర గట్టు ఉంటుంది. దాన్నే గార్డ్ పేజీ అంటారు. మామూలుగా ఒక్క పేజీ, 4 కేబీ. దాన్ని చదవడానికీ రాయడానికీ ఎవరికీ హక్కు లేదు. థ్రెడ్ లోతుకు లోతు ఫంక్షన్లను పిలుచుకుంటూ పోయి తన పొలం దాటి కాలు పెడితే, ఆ గట్టు మీద పడుతుంది, ప్రోగ్రాము అక్కడికక్కడే ఆగిపోతుంది. ఆగిపోవడమే మంచిది. గట్టు లేకపోతే పక్క థ్రెడ్ పొలంలో పడి దాని పంట తొక్కేస్తుంది. తప్పు ఒకచోట, నష్టం ఇంకోచోట. వెతికి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

పొలంలోనే ఒక మూల కౌలుదారు పాక కూడా ఉంటుంది. థ్రెడ్ వివరాలు రాసుకునే పట్టీని, ఆ థ్రెడ్‌కే సొంతమైన వేరియబుల్స్‌ను గ్లిబ్‌సీ ఆ స్టాక్ ముక్కలోనే పై భాగాన పెడుతుంది. పాక పెద్దదైతే సాగు తగ్గుతుంది. స్టాక్ సైజు మరీ చిన్నగా అడిగినవాళ్లకు ఇది తెలియక దెబ్బ తగులుతుంది.

ఇక అసలు ప్రశ్న. పని ముగించిన థ్రెడ్ తన స్టాక్‌ను తానే ఎందుకు వదిలించుకోదు? వదిలించుకోలేదు కాబట్టి. వదిలేసే ఆ చివరి ఫంక్షన్ కూడా ఆ స్టాక్ మీదే నడుస్తోంది. తను కూర్చున్న కొమ్మను తానే నరుక్కోవడం అవుతుంది. అందుకే గ్లిబ్‌సీలో ఒక మర్యాద ఉంది. పోయేముందు థ్రెడ్ తను వాడి వదిలేసిన పేజీలను కెర్నల్‌కు తిరిగి ఇచ్చేస్తుంది. కౌలు తీరాక పత్తి కట్టె పీకి పొలం శుభ్రం చేసినట్టు. కానీ తన కాళ్ల కింది నేలను ఇవ్వలేదు. థ్రెడ్ పూర్తిగా వెళ్లిపోయాక కెర్నల్ ఒక నిర్ణీత చోట ఆ థ్రెడ్ నంబరును సున్నా చేసి, ఎదురుచూస్తున్నవాళ్లను లేపుతుంది. ఆ సున్నా కనిపించినప్పుడే ఆ పొలం ఇంకొకరికి ఇవ్వడానికి భద్రం.

ఆ తర్వాత కూడా లైబ్రరీ దాన్ని వెంటనే కెర్నల్‌కు ఇచ్చేయదు. మళ్లీ అడగడం, మళ్లీ గట్టు వేయడం ఖర్చుతో కూడిన పని. అందుకని 40 ఎంబీ దాకా ఖాళీ స్టాకులను తన దగ్గరే పెట్టుకుని, కొత్త థ్రెడ్ రాగానే వాటిలోంచి ఇస్తుంది. అది దాటితేనే పాతవాటిని వదిలేస్తుంది. అయితే డిటాచ్ చేయని థ్రెడ్ ఒక ఫలితం మిగిల్చి పోవచ్చు. ఎవరో వచ్చి అడుగుతారని లైబ్రరీ ఆ పట్టీని, దాంతోపాటు పొలాన్నీ అట్టే పెడుతుంది. అడగడానికి ఎవరూ రాకపోతే ఎప్పటికీ అట్టే పెడుతుంది. 379 మంది కౌలుదార్లు వెళ్లిపోయారు, అప్పగింత ఒక్కటీ జరగలేదు. 380వ వాడికి భూమి లేదు. ‘తాత్కాలికంగా’ అన్న మాట లైబ్రరీ చెప్పిందే కానీ, ఆ ప్రోగ్రాము బతికున్నంత కాలం అది తీరే కొరత కాదు.

కుర్రాడు ఒక్క లైను చేర్చాడు, డిటాచ్. నేను అతనితో ఇంకో లైను కూడా రాయించాను. ప్రతి థ్రెడ్ తన లోకల్ వేరియబుల్ ఒకదాని అడ్రస్ తెర మీద రాయాలి. ప్రోగ్రాము మళ్లీ మొదలైంది, కాటా మీదికి టిక్కీలు ఎక్కాయి. తెర మీద ఒకే అడ్రస్ వరసగా పడుతోంది. పది టిక్కీలు, వంద టిక్కీలు, అదే అడ్రస్. కుర్రాడు నా వైపు తిరిగి, “అదే పొలం అన్నా. ప్రతిసారీ కొత్త కౌలుదారు” అన్నాడు. 380 దాటింది, 400 దాటింది. సాయంత్రానికి పెద్దాయన నలభై టిక్కీలూ లోపలికి వెళ్లాయి. తర్వాతి వారం అతనే ప్రోగ్రాము మార్చి, ముందే పుట్టిన నాలుగు థ్రెడ్లు వంతులవారీగా తూకాలు తీసుకునేలా తిరగరాశాడు. అది ఇంకా మంచి పద్ధతి.

ఆర్యా, అతని నాలుగేళ్ల చదువులో ఈ ఒక్క గంట ఎక్కడా లేదు. నా దగ్గరికి వచ్చిన పిల్లల ల్యాబ్ రికార్డులు తిరగేస్తుంటాను. భోజనబల్ల చుట్టూ తత్వవేత్తల సమస్య ఉంటుంది, బ్యాంకర్ పద్ధతి ఉంటుంది, పేజీలు మార్చే పద్ధతుల లెక్కలు ఉంటాయి. అవన్నీ కావాలి, ఒక్కటీ తీసేయమనను. కానీ థ్రెడ్ పుట్టించే ప్రోగ్రాము దగ్గరికొచ్చేసరికి, పీథ్రెడ్ క్రియేట్ ఇచ్చే జవాబును కూడా చూడకుండా వదిలేసిన రికార్డులే ఎక్కువ. రెండు థ్రెడ్లు ‘హలో’ అంటాయి, మార్కులు పడతాయి. రెండు థ్రెడ్ల ప్రోగ్రాములో ఈ తప్పు కనిపించదు. 380వ టిక్కీ దగ్గర కనిపిస్తుంది.

ఇది చిన్న వివరం, ఎవరో లైబ్రరీ రాసేవాళ్లు చూసుకుంటారు అనిపించవచ్చు. చరిత్ర చూస్తే, థ్రెడ్ల గురించి తలలు బద్దలుకొట్టుకున్నవాళ్లంతా చివరికి ఈ స్టాక్ దగ్గరికే వచ్చారు.

చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన దబ్బల రాజగోపాల్ రెడ్డి గారు, లోకానికి రాజ్ రెడ్డి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. 1991లో ఆయన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ స్కూలుకు డీన్ అయ్యారు. ఆ విశ్వవిద్యాలయంలోనే పుట్టిన మాక్ కెర్నల్ మీద అదే ఏడాది రిచర్డ్ డ్రేవ్స్, మరి ముగ్గురు ఒక పరిశోధన పత్రం వెలువరించారు. వాళ్లు పట్టుకున్న విషయం ఇది. కెర్నల్‌లో నిద్రపోతున్న ప్రతి థ్రెడ్ ఒక కెర్నల్ స్టాక్‌ను పట్టుకుని కూర్చుంటోంది. నిద్రపోయేవాడికి పొలమెందుకు? లేచాక ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో ఒక చీటీ రాసుకుని, స్టాక్ ఇచ్చేసి పడుకుంటే చాలు కదా? ఆ మార్పుతో ఒక్కో థ్రెడ్‌కు పట్టే చోటు 85 శాతం తగ్గిందని రాశారు. స్టాక్ ఒక్కదాన్ని సరిగ్గా చూసుకున్నందుకు వచ్చిన ఫలితం అది.

లైనక్స్‌లోనూ అంతే. 1996లో జేవియర్ లెరాయ్ రాసిన లైనక్స్‌థ్రెడ్స్ లైబ్రరీ చాలా ఏళ్లు నడిచింది. 2002లో ఉల్రిచ్ డ్రెపర్, ఇంగో మోల్నార్ కొత్త లైబ్రరీని ప్రకటించారు. 2.6 కెర్నల్‌తో అది అందరికీ చేరింది. దాని పరీక్షల్లో లక్ష థ్రెడ్లు మొదలవడానికి 2 సెకన్లు పట్టింది. పాత పద్ధతిలో ఆ పనికే పదిహేను నిమిషాల దాకా పట్టేదట. కెర్నల్‌లో చేసిన మార్పులతోపాటు, స్టాకులను దాచిపెట్టుకుని మళ్లీ ఇవ్వడం, వెళ్లిపోయిన థ్రెడ్ సంగతి కెర్నలే చెప్పడం ఆ కొత్త కట్టడంలో భాగాలు. కోల్డ్ స్టోరేజీ గదిలో ఒకే అడ్రస్ పదేపదే పడిందంటే వాళ్ల పుణ్యమే.

ఆ 8 ఎంబీ కూడా లోకమంతా ఒకటి కాదు. విండోస్‌లో మామూలుగా 1 ఎంబీ. మ్యాక్‌లో మొదటి థ్రెడ్ తప్ప మిగతావాటికి 512 కేబీ. ఆల్పైన్ లైనక్స్‌లో ఉండే మజిల్ లైబ్రరీలో 128 కేబీ. పిల్లలు తమ ల్యాప్‌టాప్‌లో రాసి, పరీక్షించి, కంటెయినర్‌లో పెట్టి ఆల్పైన్ మీద నడపగానే కూలిన ప్రోగ్రాములు నాకు చాలాసార్లు ఎదురయ్యాయి. కోడ్ మారలేదు, పొలం 64వ వంతుకు తగ్గింది. ఆ సంగతి తెలియని కుర్రాడు రాత్రంతా తన లాజిక్‌లో తప్పు వెతుక్కుంటాడు.

64 బిట్ వచ్చాక ఈ కొరత లేదు కదా అంటారు. అడ్రస్ పరిధి నిజంగానే విశాలమైంది. పదివేల థ్రెడ్లకు కాగితం మీద 80 జీబీ రాసినా ఇబ్బంది లేదు. కానీ ప్రతి థ్రెడ్‌కూ కెర్నల్ లోపల ఇంకో స్టాక్ ఉంటుంది, ఈనాటి లైనక్స్‌లో 16 కేబీ. అది కాగితం కాదు, అసలు మెమరీ. పదివేలకు 160 ఎంబీ దాకా అక్కడే పోతుంది. పైగా ఒక ప్రోగ్రాముకు ఎన్ని మెమరీ ముక్కలుండవచ్చో లైనక్స్ పెట్టిన హద్దు మామూలుగా 65,530. ఒక్కో థ్రెడ్ పొలానికీ గట్టుకూ కలిపి రెండు ముక్కలు తింటుంది. ముప్పై రెండు వేల చిల్లర దగ్గర మళ్లీ అదే కాటా ఆగుతుంది, టిక్కీల లెక్క పెద్దదవుతుంది అంతే.

భద్రత సంగతి కూడా ఉంది. ఒక్క పేజీ గట్టు ఒక్కో అడుగే వేసేవాణ్ణి ఆపుతుంది. ఫంక్షన్ లోపల ఒకేసారి పెద్ద అరే పెట్టుకుంటే అది గట్టు మీద కాలు పెట్టకుండానే అవతలికి దూకేస్తుంది. 2017 జూన్‌లో క్వాలిస్ సంస్థ పరిశోధకులు స్టాక్ క్లాష్ పేరుతో దీన్నే బయటపెట్టారు. లైనక్స్ కెర్నల్ మొదటి థ్రెడ్ స్టాక్ కింద ఉండే ఖాళీని ఒక్క పేజీ నుంచి 1 ఎంబీకి పెంచింది. పెద్ద అరే ఉన్నచోట దారి పొడవునా పేజీ పేజీనీ తాకుతూ వెళ్లే రక్షణ జీసీసీ కంపైలర్‌లోకి వచ్చింది. గట్టు వెడల్పు ఎంతుండాలనే చిన్న ప్రశ్న మీద ప్రపంచమంతా సర్వర్లు మరమ్మతు చేసుకుంది.

ఇప్పుడు నా విన్నపం. ఉమ్మడి పాఠ్య ప్రణాళిక మీద మీ మండలి మాటకు విలువుంది. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో రెండు వారాలు థ్రెడ్ స్టాక్‌కు ఇవ్వండి. కొత్త పరికరాలేమీ అక్కర్లేదు. ఉన్న కంప్యూటర్లు, లైనక్స్, సీ కంపైలర్ చాలు. నాలుగు ప్రయోగాలు చేయించండి.

మొదటిది, చూడడం. నాలుగు థ్రెడ్లు పుట్టించి, ఒక్కోటి తన స్టాక్ మొదలు, సైజు, గట్టు ఎంతో రాయాలి. తర్వాత మ్యాప్స్ ఫైల్లో ఆ ముక్కలను వేలు పెట్టి చూపించాలి. పుస్తకంలో గీసిన డబ్బా బొమ్మ తన మిషన్‌లో నిజంగా ఎక్కడుందో ఒక్కసారి చూసిన విద్యార్థి మరి మరిచిపోడు.

రెండవది, చెడగొట్టడం. అడ్రస్ పరిధిని యులిమిట్‌తో 3 జీబీకి కుదించి, జాయిన్ లేకుండా థ్రెడ్లు పుట్టిస్తూ పోవాలి. ఎన్నో థ్రెడ్ దగ్గర ఆగుతుందో ముందే కాగితం మీద లెక్క వేసి, తర్వాత సరిచూసుకోవాలి. స్టాక్ సైజు 8 ఎంబీ నుంచి 256 కేబీకి తగ్గించి మళ్లీ లెక్క వేయాలి. లెక్కకూ జరిగినదానికీ తేడా వస్తే ఎందుకొచ్చిందో రాయాలి. ఆ తేడా రాయడంలోనే అసలు చదువుంది.

మూడవది, గట్టు. తనను తానే పిలుచుకునే ఫంక్షన్‌తో గట్టు మీద పడి చూడాలి. తర్వాత పెద్ద అరేతో గట్టు దూకి చూడాలి. కంపైలర్ రక్షణ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి.

నాలుగవది, కొలవడం. థ్రెడ్‌కు మనమే ఒక మెమరీ ముక్కను స్టాక్‌గా ఇవ్వవచ్చు. దాన్ని ముందే ఒక గుర్తు అంకెతో నింపి, పని అయ్యాక ఎక్కడిదాకా చెరిగిందో చూడాలి. బావి గోడ మీద మరకను చూసి నీళ్లు ఎంతెత్తుకు వచ్చాయో చెప్పినట్టు, థ్రెడ్ ఎంత లోతు వాడిందో తెలుస్తుంది. సొంతంగా ఇచ్చిన ఆ ముక్కను లైబ్రరీ వదిలించదు, మనమే వదిలించాలని కూడా అప్పుడే తెలుస్తుంది. మన పిల్లలు డ్రిప్పు మోటారుకు, నేల తేమకు చిన్న బోర్డులతో ప్రాజెక్టులు చేస్తున్నారు. అందులో ఎక్కువగా వాడే ఒక చిప్‌లో మొత్తం ర్యామ్ 20 కేబీ. ఫ్రీఆర్‌టాస్ లాంటి చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక్కో పనికి ఎంత స్టాక్ ఇవ్వాలో మనమే చెప్పాలి. ఈ మరక చూసే పద్ధతి అందులో సిద్ధంగా ఉంది. అక్కడ 8 ఎంబీ ఇచ్చే ఆసామి ఎవరూ ఉండడు. ప్రతి కేబీ సొంత జేబులోది.

మార్కులు వేసేటప్పుడు ఒక్క నియమం పెట్టండి. పీథ్రెడ్ క్రియేట్ జవాబు చూడని, జాయిన్‌గానీ డిటాచ్‌గానీ లేని ప్రోగ్రాము పూర్తయినట్టు లెక్క కాదు. మౌఖిక పరీక్షలో ఆ మూడు ప్రశ్నలు అడగమనండి. ఎక్కడిది, ఎంత, ఎవరు వెనక్కి తీసుకుంటారు. ఆ జవాబు తెలుగులో చెప్పనివ్వండి. పదో తరగతి దాకా తెలుగులో చదివి వచ్చిన అమ్మాయి ఇంగ్లిష్‌లో ‘స్టాక్ ఈజ్ ప్రైవేట్’ అని అప్పజెప్పి ఊరుకుంటుంది. అదే తెలుగులో అడిగితే, కౌలు, గట్టు, అప్పగింత అని తన ఇంట్లో విన్న మాటలతో లెక్క కట్టి చెబుతుంది. నేను విన్నాను కాబట్టే రాస్తున్నాను.

ఈ రోజుల్లో గో, జావా వచ్చాయి, ఇవన్నీ భాషే చూసుకుంటుంది, పిల్లలకెందుకు ఈ బరువు అని కొందరు అధ్యాపకులు అడగవచ్చు. గో భాషలో ఒక గోరొటీన్ ఇప్పుడు కనీసం 2 కేబీ స్టాక్‌తో మొదలవుతుంది, చాలకపోతే పెద్ద చోటుకు మొత్తం కాపీ అవుతుంది. మొదట్లో అలా లేదు. స్టాక్‌ను ముక్కలుగా అతికేవాళ్లు. ఒక ముక్క చివర్లో లూపు పడితే ముక్క చేర్చడం, తీసేయడంతోనే టైమంతా పోయేది. అది గమనించి 2014లో వచ్చిన 1.3లో ఆ పద్ధతి మార్చారు. జావా 21లో, 2023లో, వర్చువల్ థ్రెడ్లు వచ్చాయి. ఆగిన థ్రెడ్ స్టాక్‌ను హీప్‌లోకి తీసి దాచి, కింద ఉన్న అసలు థ్రెడ్‌ను ఇంకొకరికి ఇస్తాయి. మాక్ కెర్నల్‌లో 1991లో అడిగిన ప్రశ్నే, నిద్రపోయేవాడికి పొలమెందుకని. స్టాక్ లెక్క తెలిసినవాళ్లే ఆ భాషలను కట్టారు. మన పిల్లలు వాటిని వాడడం దగ్గరే ఆగిపోకూడదు, అలాంటివి కట్టాలి అనుకుంటే ఆ లెక్క వాళ్లకూ రావాలి.

సిలబస్‌లో చోటు లేదన్న మాట కూడా నాకు తెలుసు. నేను కొత్త అధ్యాయం అడగడం లేదు. ఇప్పటికే ఉన్న ‘థ్రెడ్లు’ అనే అధ్యాయాన్ని చివరిదాకా చెప్పమని అడుగుతున్నాను. పుట్టుక చెప్పి, అప్పగింత చెప్పకుండా వదిలేస్తున్నాం. ఏ కౌలు ఒప్పందమైనా ఎప్పుడు, ఎలా తిరిగివ్వాలో రాయకపోతే మన ఊళ్లో దాన్ని ఒప్పందం అనరు.

మీరు మనసు పెడితే ముందు గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో కొన్ని కాలేజీల్లో ఒక సెమిస్టర్ చేసి చూడవచ్చు. ప్రయోగాల కాగితాలు తెలుగులో రాసి ఇచ్చే పని నాది. మిర్చి సీజన్ అయ్యాక ఆ కోల్డ్ స్టోరేజీ వాళ్లు పాత కంప్యూటర్ మార్చేశారు. దాన్ని అడిగి తెచ్చుకున్నాను. జాయిన్ లేని పాత ప్రోగ్రామును అందులో అలాగే ఉంచాను. పిలిచిన కాలేజీకి దాన్ని బస్సులో పెట్టుకుని వస్తాను. మొదట రాసిన కుర్రాడు కూడా వస్తానన్నాడు. అతను ఇప్పుడు శని ఆదివారాల్లో నాతోపాటు పాఠం చెబుతున్నాడు. మొదటి రోజు పిల్లలకు ప్రోగ్రాము చూపించడు. గుమాస్తా నోటు పుస్తకంలోని ఆ పేజీ ఫోటో చూపించి, “379, 380, 379. ఎందుకో చెప్పండి” అని అడుగుతాడు.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

ఇట్లు,
పర్చూరు ప్రాంతానికి చెందిన ఒక సిస్టమ్స్ ప్రోగ్రామర్